మన తెర మీద రవివర్మ

కిందటి ఉగాదికి మన సంఘంవారు శ్రీకృష్ణ రాయబారం పద్యనాటకం వేసిన సంగతి ఈ సంచిక చదివే కుటుంబాలన్నిటికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. వేషాలు కట్టినవారిలో ముప్పాతికమంది రైల్వేవారే. డ్యూటీ దిగి, ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని, రాత్రి పదింటిదాకా హార్మోనియం చుట్టూ కూర్చుని పద్యాలు వల్లెవేసి, రెండు నెలలకు నాటకాన్ని నిలబెట్టారు. నాకు పద్యం ఎత్తుకునే గొంతు భగవంతుడు ఇవ్వలేదు. అందుచేత నాకు అప్పగించిన పని తెర లాగటం.

ఆ రాత్రి కౌరవసభ రంగానికి నేను తెర తీసినప్పుడు సభలోని వారంతా ఒక్క క్షణం బొమ్మల్లా కదలకుండా నిలిచారు. అలా నిలవాలని దర్శకులు ముందే చెప్పి ఉంచారు. ఒకపక్క దుర్యోధనుని కోపం, మరొకపక్క సాత్యకి ఆవేశం, వాటి నడుమ నిబ్బరంగా కృష్ణుడు. ఆ క్షణాన ముందు వరుసలో కూర్చున్న మా అమ్మాయి లేచి నిలబడి, అది నాయనమ్మ గదిలో పటం అని గట్టిగా అరిచింది. చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. దాని వయస్సు ఎనిమిదేళ్ళు. బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు తప్ప పద్యం అందుకునే తెలుగు దానికి లేదు. నాటకంలో సగం పద్యాలు దానికి అర్థం కాలేదు. అయినా కథ మాత్రం అర్థమైంది. ఆ పటం ముందు కూర్చోబెట్టుకుని మా అమ్మ ఆ కథను దానికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఇంటికి వచ్చాక అది నన్ను ఒకే ప్రశ్న అడిగింది. పటాన్ని చూసి నాటకం కట్టారా, నాటకాన్ని చూసి పటం వేశారా అని. నాకు జవాబు తోచలేదు. పటం అడుగున సన్నటి అక్షరాలతో రవివర్మ అని ఉన్నది. ఆ పేరు మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. ఆ పేరు వెనకనున్న మనిషిని మాత్రం మనలో చాలామంది ఎరుగం. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఏడాదిపాటు సెలవు రోజుల్లో చదివి తెలుసుకున్న దానిని, మా అమ్మాయికి చెప్పినట్లే, పాఠకులకు ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

రవివర్మ 1848 ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరు అనే చిన్న ఊరిలో పుట్టాడు. తల్లి ఉమయాంబ పాటలు కట్టే విదుషి. తండ్రి నీలకంఠ భట్టతిరిపాదు సంస్కృత పండితుడు. ఇంట్లో పురాణ పఠనం, పండుగలకు కథకళి ఆట, నిత్యం సంగీతం. ఇటువంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి రామాయణ భారతాలు పుస్తకంలోని అక్షరాలుగా కాక, రంగు పూసుకుని దీపం ముందు నిలబడిన మనుషులుగా తెలిశాయి. ఈ మాట పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవలసింది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడనే మొదలవుతుంది.

పిల్లవాడు బొగ్గు ముక్కతో ఇంటి గోడలన్నీ బొమ్మలతో నింపేవాడు. మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతిలో బొమ్మలు వేసినవాడు. గోడలు పాడుచేశాడని తిట్టక, ఆ గీతల్లో ఉన్న విద్యను ఆయన గుర్తించాడు. పద్నాలుగో ఏట పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని తిరువనంతపురం తీసుకుపోయి, ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఎదుట నిలబెట్టాడు. మహారాజు ఆదరించి రాజధానిలోనే ఉంచుకున్నాడు. మేనమామ అనేవాడు ఎలా ఉండాలో అనటానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కరలేదు.

రాజధానిలో చేరటం తేలికే అయింది కాని విద్య తేలికగా దొరకలేదు. అప్పటికి మన దేశంలో తైలవర్ణాలు కొత్త. నూనెతో కలిపిన ఆ రంగులను గుడ్డమీద పొర మీద పొరగా పూసి, వెలుగునూ నీడనూ తెప్పించటం ఐరోపావారి పద్ధతి. ఆస్థానంలో రామస్వామి నాయకర్ అనే చిత్రకారునికి ఆ పద్ధతి తెలుసు. కాని ఆయన నేర్పటానికి ఒప్పుకోలేదు. ఈ కుర్రవాడు రేపు తనకే పోటీ వస్తాడని భయపడ్డాడు. ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళె మాత్రం జాలిపడి, గురువుకు తెలియకుండా తనకు వచ్చినది చెప్పాడు. తరువాత 1868లో థియోడర్ జెన్సన్ అనే దొర రాజకుటుంబం చిత్తరువులు వేయటానికి వచ్చాడు. ఆయన కూడా నేర్పనన్నాడు. తాను వేస్తుండగా చూడటానికి మాత్రం అనుమతించాడు. రవివర్మ పక్కన నిలబడి చూశాడు. చూసినదానిని ఇంటికి పోయి వేసి చూశాడు. చెరిపాడు, మళ్ళీ వేశాడు. ఈనాడు దేశమంతా గురువుగా చెప్పుకునే మనిషికి చేయిపట్టి దిద్దించిన గురువు లేడు.

1866లో మావేలిక్కర రాజకుటుంబానికి చెందిన భాగీరథితో ఆయనకు వివాహమైంది. 1873లో మద్రాసులో జరిగిన చిత్రకళా ప్రదర్శనకు, తల దువ్వుకుని పూలు ముడుచుకుంటున్న నాయరు స్త్రీ చిత్రాన్ని పంపాడు. దానికి గవర్నరు బంగారు పతకం వచ్చింది. అదే ఏడు వియన్నాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలోనూ ఆ చిత్రం బహుమతి తెచ్చుకున్నది. 1876లో శకుంతల పచ్చికమీద పడుకుని దుష్యంతునికి తామరాకు మీద ఉత్తరం రాస్తున్న చిత్రాన్ని మద్రాసుకు పంపితే, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు దానిని స్వయంగా కొన్నాడు. మద్రాసు పక్కనున్న కాలువకు పేరు వచ్చినది ఈ ప్రభువు వల్లనే. అక్కడినుంచి రవివర్మ పేరు సంస్థానం ఎల్లలు దాటింది.

1880లో ఆయిల్యం తిరునాళ్ మహారాజు కాలం చేశాడు. తరువాతి మహారాజు ఆదరణ అంతగా లేకపోయింది. ఉన్న ఊరిలో నీడ తగ్గినప్పుడు మనిషి ఏమి చేస్తాడు? మన పెద్దలు చేసినదే ఆయనా చేశాడు. పెట్టె సర్దుకుని బయలుదేరాడు. తిరువాన్కూరులో దివానుగా పనిచేసి, తరువాత బరోడాకు దివానుగా వెళ్ళిన సర్ టి. మాధవరావు పిలుపు మీద బరోడా వెళ్ళి, 1881లో శాయాజీరావు గైక్వాడు పట్టాభిషేక సమయానికి చిత్తరువులు వేశాడు. తమ్ముడు రాజరాజవర్మ వెంట ఉన్నాడు. అన్నకన్న పన్నెండేళ్ళు చిన్న. తానూ చిత్రకారుడే. దృశ్యంలో వెనకవైపు కొండలు, చెట్లు, భవనాలు వేయటంలో నేర్పరి. ఇద్దరూ కలిసి వేశారు, కలిసి తిరిగారు, ఒకే గదిలో పనిచేశారు. ఉత్తరాలు రాయటం, లెక్కలు చూడటం, ప్రయాణాలు సర్దటం తమ్ముడి వంతు. అన్న పేరు పెద్దదైంది. తమ్ముడి పేరు ఆ నీడలో ఉండిపోయింది. ఉమ్మడి కుటుంబాలలో ఇటువంటి తమ్ముళ్ళను మనం చూస్తూనే ఉంటాం.

1888లో బరోడా మహారాజు పురాణ కథలతో పద్నాలుగు పెద్ద చిత్రాలు వేయమని కోరాడు. అప్పుడొక చిక్కు వచ్చింది. సీత ఏ బట్ట కట్టేది? దమయంతి చీర ఎలా కట్టేది? మలయాళ దేశపు కట్టు వేస్తే పంజాబువారు గుర్తించరు. పంజాబు కట్టు వేస్తే మనకు మన సీత అనిపించదు. ఈ జవాబు వెతుక్కుంటూ అన్నదమ్ములిద్దరూ ఉత్తరదేశమంతా తిరిగారు. కోటలు చూశారు, గుళ్ళు చూశారు, సంతలో మనుషులను చూశారు. అందరికీ ఒప్పుదలయ్యే వేషం తయారుగా ఎక్కడా దొరకలేదు. చివరకు పలుచోట్ల చూసిన చీరకట్టును, నగలను కలుపుకుని, ఏ ప్రాంతం వారైనా మా దేవత అనుకోదగిన రూపాన్ని తానే కట్టాడు. 1890లో చిత్రాలు పూర్తయ్యాయి. బరోడాకు చేరబోయే ముందు వాటిని తిరువనంతపురంలోనూ బొంబాయిలోనూ ప్రదర్శిస్తే జనం గుంపులు గుంపులుగా వచ్చి చూశారు.

ఈ సంవత్సరాలలోనే మన తెలుగు నాటకం కూడా కళ్ళు తెరిచింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు మన జిల్లాలలో తిరిగి తెర, రంగస్థలం, పాట కలిసిన కొత్త ఆటలు చూపారు. అదే ఏడు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తెలుగు నాటకాన్ని ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం కీచకవధ ఆడి, తరతరాల నాటక సమాజానికి నాంది పలికింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు నాటకంలోకి రాగాలతో పాటలను, పద్యాలను తెచ్చారు. 1891లో ఆయన సమాజం మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడితే, వాటిని చూసి ఉత్సాహపడినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు ఒకరు. అదే సంవత్సరం సుగుణ విలాస సభ పుట్టింది. తమిళ నాటకానికి కొత్త దారి వేసిన ఆ సభకు ప్రేరణ ఒక తెలుగు నాటక సమాజమని చెప్పుకోవటం, తమిళదేశంలో కాపురమున్న మనకు సంతోషం కలిగించే విషయం.

ఇక రవివర్మ కీచకుణ్ణీ సైరంధ్రినీ చిత్రించినది 1890లో. సురభివారు కీచకవధ ఆడినది దానికి అయిదేళ్ళ ముందు. హంస చెప్పే కబురు వింటున్న దమయంతిని ఆయన వేసినది 1899లో. ధర్మవరం వారి చిత్రనళీయం అప్పటికే ఆడుతున్నది. కాబట్టి పటం వచ్చాకనే నాటకం వచ్చిందనటానికి వీలులేదు. రవివర్మ చిత్రాలను పరిశీలించినవారు ఇంకొక సంగతి కూడా చెబుతారు. ఆయన చిత్రంలో మనుషులు నిలిచే తీరు, చేతులు చాచే తీరు, వెనక తెరలాగా భవనమో అడవియో ఉండే తీరు, అంతా రంగస్థలం అమరికే. చిన్ననాట కథకళి చూసిన కళ్ళు, బొంబాయిలో మరాఠీ, పారసీ నాటకాలు చూసిన కళ్ళు ఆయనవి. నాటకం నుంచి ఆయన ఋణం తీసుకున్నాడు. దానిని వడ్డీతో సహా ఎలా తీర్చాడో చెబుతాను.

రాజుల మేడల్లో వేలాడే చిత్రాన్ని సామాన్యుడు చూడలేడు. చిత్రాలను అచ్చువేయించి అందరికీ అందేటట్లు చేయమని మాధవరావు 1880 దశకంలోనే రవివర్మకు సలహా ఇచ్చాడు. ఆ మాట పదేళ్ళకు ఫలించింది. 1894లో బొంబాయిలో ఒక వర్తకుని భాగస్వామ్యంతో రవివర్మ అచ్చుకూటం పెట్టాడు. యంత్రాలు జర్మనీనుంచి వచ్చాయి, పనివారూ అక్కడినుంచే వచ్చారు. మొదట అచ్చయిన చిత్రం శకుంతల జననం. ఇది సీసపు అక్షరాల అచ్చు కాదు, రాతి అచ్చు. నునుపుగా అరగదీసిన రాతిపలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపితే గీత లేనిచోట నీరు నిలుస్తుంది, గీత ఉన్నచోట రంగు పట్టుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఎర్రకు ఒకటి, పసుపుకు ఒకటి, నీలానికి ఒకటి, చర్మపు ఛాయలకు మరికొన్ని. ఒకే కాగితం ఆ రాళ్ళన్నిటి మీదా వెంట్రుకవాసి జరగకుండా వరుసగా పోయివస్తేనే లక్ష్మి ముఖం లక్ష్మి ముఖంలా ఉంటుంది. ఒక రాయి తప్పితే కన్ను ఒకచోట, కాటుక ఒకచోట పడుతుంది.

అలా అచ్చయిన లక్ష్మి, సరస్వతి, రాముడు, కృష్ణుడు కట్టలు కట్టలుగా దేశం మీదికి వచ్చారు. ఇక్కడ రైల్వే గుమాస్తాగా నాకు కొంచెం గర్వం కలుగుతుంది. మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మన అరక్కోణం మీదుగా దక్షిణదేశంలో మొదటి రైలుబండి నడిచినది 1856 జూలై 1వ తేదీన. రేణిగుంట, కడప, గుంతకల్లు, రాయచూరు మీదుగా మద్రాసు బొంబాయిలను కలిపిన దారి 1871లో పూర్తయింది. ఆ దారి, పడమటి తీరానికి పోయే దారి చీలేది మన జంక్షనులోనే. బొంబాయి సరుకు దక్షిణానికి రావటానికి ఉన్న పెద్ద దారి ఇది. అన్నదమ్ములిద్దరూ బండ్లలో తిరిగి తిరిగి కూర్చిన రూపాలు, మళ్ళీ బండ్లలోనే ఇంటింటికీ వచ్చాయి.

ఎవరి ఇళ్ళకు వచ్చాయన్నదే ముఖ్యం. ఆ రోజుల్లో గుడిలోకి అడుగుపెట్టనివ్వని జనం ఈ దేశంలో కోట్లమంది. గర్భగుడిలోని దేవుణ్ణి తాతముత్తాతల నాటినుంచి చూడనివారు కొన్ని అణాలు పెట్టి ఒక పటం కొన్నారు. పూరింట్లో మేకు కొట్టి తగిలించారు. దీపం పెట్టారు. అడ్డుకునే పూజారి లేడు, పొమ్మనే ధర్మకర్త లేడు. రవివర్మ ఆ ఉద్దేశంతోనే అచ్చుకూటం పెట్టాడని నేను అనను. వ్యాపారం చేయాలని కూడా పెట్టాడు. కాని జరిగిన మేలు జరిగింది. ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. రవివర్మ మనుమరాళ్ళు ఇద్దరిని 1900లో తిరువాన్కూరు రాజవంశం దత్తత తీసుకున్నది. వారిలో ఒకరైన సేతు పార్వతీబాయి కుమారుడే చిత్తిర తిరునాళ్ మహారాజు. 1936లో సంస్థానంలోని దేవాలయాలను అన్ని కులాల హిందువులకూ తెరుస్తూ శాసనం చేసినది ఆయనే. ముత్తాత దేవుణ్ణి గుడి బయటికి తెచ్చాడు. మునిమనుమడు గుడి తలుపు తీశాడు.

మేలు జరిగింది కాని, చేసినవాడికి లాభం రాలేదు. అచ్చుకూటం ఖర్చులు పెరిగాయి. బొంబాయిలో ప్లేగు వచ్చింది. యంత్రాలను లోనావాలా దగ్గరి మలావ్లీకి తరలించారు. అప్పులు మీదపడ్డాయి. చివరకు 20వ శతాబ్దం మొదట్లో రవివర్మ అచ్చుకూటాన్ని తన చిత్రాల హక్కులతో సహా అక్కడ పనిచేసిన ష్లైషర్ అనే జర్మను నిపుణునికి అమ్మివేశాడు. తన పేరుమీద దేశమంతా పటాలు అమ్ముడుపోతుండగా అచ్చుకూటం పరుల పాలైంది. ఆ అచ్చుకూటంలో కొంతకాలం పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర తీసి మన దేశపు సినిమాకు పునాది వేశాడు. అచ్చుకూటం మాత్రం 1972లో నిప్పంటుకుని కాలిపోయింది.

పేరు ప్రతిష్ఠలకు కొదవ రాలేదు. 1893లో అమెరికాలోని షికాగో ప్రదర్శనకు పది చిత్రాలు పంపి పతకాలు పొందాడు. 1904లో ప్రభుత్వం కైజర్ ఇ హింద్ పతకం ఇచ్చింది. కాని ఆ జీవితానికి రెండో పక్క కూడా ఉన్నది. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగిన మనిషికి ఇల్లు ఎంత దక్కింది? 1891లో భార్య కన్నుమూసింది. పిల్లలు ఒకచోట, తానొకచోట. వేసినవన్నీ ఇతరుల మేడల్లో ఉండిపోయాయి. ఉద్యోగం కోసం ఊరు విడిచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చివరి పెద్ద పని మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఇచ్చినది. పురాణ కథలతో తొమ్మిది చిత్రాలు వేయాలి. ఆ పని నడుస్తుండగానే, 1905 మొదట్లో తమ్ముడు రాజరాజవర్మ మరణించాడు. పాతికేళ్ళు పక్కన నిలబడి వేసిన చేయి లేకుండా పోయింది. అప్పటికి అన్నకు మధుమేహం. ఓపిక తగ్గింది. అయినా ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్లు పూర్తిచేశాడు. ఆ చిత్రాలలో ఒకటి, కృష్ణుడు కౌరవసభలో రాయబారిగా నిలిచిన దృశ్యం. సభ అంతా ఉద్రేకంతో కదిలిపోతున్నది. సాత్యకి మండిపడుతున్నాడు. కృష్ణుని ముఖంలో మాత్రం కలవరం లేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ముసలి అన్న, అన్నదమ్ములు కలిసి బతకండని చెప్పటానికి వచ్చిన దేవుణ్ణి ఆ దినాలలో వేశాడు. ఈ సంగతి చదివిన తరువాత మా ఇంటి పటాన్ని నేను పూర్వంలాగా చూడలేకపోయాను. మూల చిత్రం నేటికీ మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలకు చెందినది. అటు పోయేవారు తప్పక చూడవలసినది.

రవివర్మ 1906 అక్టోబరు 2వ తేదీన, యాభై ఎనిమిదో ఏట, పుట్టిన కిళిమానూరులోనే కన్నుమూశాడు. ఆయన పోయాక ఆయన్ను తక్కువచేసి మాట్లాడిన పెద్దలు ఉన్నారు. ఆనంద కుమారస్వామి వంటివారు, బెంగాలు చిత్రకారులు, ఇవి దేవతలు కావు, చీర కట్టిన మామూలు ఆడవారే, పద్ధతి దొరలది అన్నారు. విమర్శలో నిజం లేకపోలేదు. కాని సామాన్యులు ఆ పటాలను గోడమీదనుంచి దించలేదు. దేవత పొరుగింటి పెద్దమ్మలా ఉన్నందుకే దగ్గరగా అనిపించిందేమో. 1979లో భారత ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ నిధిగా ప్రకటించి, దేశం దాటకుండా నిషేధించింది.

ఇక ఋణం తీర్చిన సంగతి. ఉద్యోగపర్వాన్ని తెలుగులో తీర్చినది తిక్కన. ఆ కథను 20వ శతాబ్దపు తొలినాళ్ళలో నాటక పద్యాలుగా మలిచినవారు తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు. కథ భారతానిది, పద్యం జంటకవులది. కాని తెర లేచినప్పుడు కృష్ణుడు ఎలా కనబడాలి? కిరీటం ఎంత ఎత్తు, నెమలి పింఛం ఎటువైపు, ఉత్తరీయం ఎలా జారాలి, సింహాసనం వెనక స్తంభాలు ఎలా ఉండాలి? ఇవి ఏ పద్యంలోనూ లేవు. ఆ నాటికి జనం కళ్ళలో నిలిచిన రూపం రవివర్మ పటాలది. తెరలు రాసేవారు, కిరీటాలు కట్టేవారు ఆ పటాలను ఎదుట పెట్టుకున్నారు. పటంలా లేకపోతే ప్రేక్షకుడు ఒప్పుకోడు. ఇదీ వడ్డీతో తీరిన ఋణం.

అయితే నాటకం పటానికి నకలు మాత్రమే అనుకుంటే పొరపాటు. పటంలో లేనిది, నాటకంలో ఉన్నది ఒకటి ఉన్నది. అది గొంతు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి మహానటులు కృష్ణ వేషం కట్టి తెలుగుదేశాన్ని ఉర్రూతలూగించినది ఆ గొంతుతోనే. 1960లో రాయబారం సినిమాగా వచ్చినప్పుడూ కృష్ణుడు రఘురామయ్యగారే. నటుడు మొదట పద్యాన్ని మాట మాట విడిపోయేటట్లు అర్థంతో చెబుతాడు. చివరి పాదం దగ్గర రాగం ఎత్తుకుంటాడు. హార్మోనియం వెంట వస్తుంది. అప్పుడు కథ ఆగిపోతుంది. దుర్యోధనుడు ఆగుతాడు, భటులు ఆగుతారు, సభ అంతా కదలకుండా నిలుస్తుంది. ఒక్క గొంతు మాత్రం సాగుతుంది. కొత్తవారు ఇది సాగదీయటం అనుకుంటారు. తెరపక్కన నిలబడి చూసిన నాకు వేరే సంగతి తోచింది. రాగం సాగినంతసేపూ రంగస్థలం పటంగా మారుతుంది. రవివర్మ ఒక క్షణాన్ని రంగులతో ఆపాడు. మన నటుడు అదే క్షణాన్ని రాగంతో ఆపుతాడు. వన్స్ మోర్ అని మనం అరిచేది ఆ క్షణం ఇంకొంచెం నిలవాలనే కదా!

మన నాటకంలో లోపాలు లేకపోలేదు. కృష్ణుని కిరీటం రెండుసార్లు జారింది. ఒక పద్యంలో నటుడు పాదం మరిచిపోతే ప్రాంప్టరు గొంతు మూడో వరుసదాకా వినిపించింది. బయట గూడ్సుబండి కూత ఒకసారి ధృతరాష్ట్రుని మాటను మింగేసింది. అయినా కృష్ణ వేషధారి సంధి పద్యం ముగించి నిలబడినప్పుడు నా చేతిలోని తెరతాడును నేను మరిచిపోయాను. రంగం ముగిసినా తెర వేయలేదు. దర్శకులు చేయి ఊపి పిలిస్తేగాని తెలివి రాలేదు. ఆ ఆలస్యానికి కారణం ఇదేనని ఈ సంచిక ద్వారా ఒప్పుకుంటున్నాను.

మా అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. నాటకాన్ని చూసి ఆయన పటం వేశాడు. పటాన్ని చూసి మనవారు నాటకం కట్టారు. ఆ రెంటినీ కలిపి నాయనమ్మ కథ చెప్పింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, ఎనిమిదేళ్ళ పిల్ల ముందు వరుసలో లేచి నిలబడి ఉండేది కాదు.

ఇందులో మనకొక హెచ్చరిక ఉన్నది. పటం ఇంకా మన గోడలమీద ఉన్నది. దానిముందు కూర్చుని కథ చెప్పే పెద్దలు ఏటేటా తగ్గుతున్నారు. పద్యం అందుకునే పిల్లలు అంతకన్న త్వరగా తగ్గుతున్నారు. తిరుత్తణి మనకు కూతవేటు దూరం, తిరుపతి కొన్ని గంటల ప్రయాణం. అయినా మాతృభాష పిల్లల నాలుక మీదనుంచి జారిపోవటానికి దూరం అక్కరలేదు, అశ్రద్ధ చాలు. పటం చూసి పిల్లవాడు ఇదేమిటని అడిగినప్పుడు, తరువాత చెబుతానని అనకండి. ఆ నిమిషమే చెప్పండి. నాటకం రిహార్సళ్ళకు పిల్లలను తీసుకురండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ముందు చెవిలో పడనివ్వండి. చూసి చూసి నేర్చుకోవచ్చునని రవివర్మ జీవితమే చెబుతున్నది.

రాబోయే నాటకానికి కూడా తెర లాగే పని నాకే ఇవ్వవలసిందిగా కార్యవర్గం వారిని కోరుతున్నాను. మా అమ్మాయి ఈసారి ఒక పద్యం నేర్చుకుంటానన్నది. రాత్రిళ్ళు నాయనమ్మ పక్కలో, ఆ పటం కింద కూర్చుని, మొదటి పాదం వరకు వచ్చింది. మిగిలిన మూడు పాదాలు ఈ కొత్త సంవత్సరంలో వస్తాయని ఆశ. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.